చూడకపోవడంలోని సుఖం

నిరుడు వేసవిలో ఒక రాత్రి, భోజనమైన తరువాత, నలభై ముగ్గురు పాత పరిచయస్థులను అరగంటలో వదలుకున్నాను. వారిలో ఒక్కరితోనూ మాటా మాటా రాలేదు. ఎవరికీ అపకారం తలపెట్టలేదు. కుర్చీలో వెనుకకు వాలి, చేతిలోని ఫోను మీద ఒక్కొక్కరి పేరు ముట్టి, ఆ పేరు కింద ఉన్న మీటను నొక్కుతూ పోయినాను. మొదటి నాలుగైదు పేర్ల దగ్గర వేలు తటపటాయించినది. పది పేర్లు దాటిన తరువాత, కలుపు తీసేవాళ్లకు ఒక మడి పూర్తి కాగానే చేయి దానంతట అది సాగుతుందే, అటువంటి ఊపు వచ్చినది. ముగిసేసరికి పదకొండు గంటలైనది. దీపం ఆర్పి పడుకున్నాను. చాలా రోజుల తరువాత వెంటనే నిద్ర పట్టినది.

ఆ నిద్రను గురించి ఈ వేళ నాలుగు మాటలు చెప్పదలచినాను. దానిని పైకి ఒప్పుకొనడానికి మనం సాధారణంగా సిగ్గుపడతాం. చుట్టాలు పది రోజులుండి వెళ్లిన మరునాటి ఉదయం ఇంట్లో ఒక నిశ్శబ్దం ఉంటుంది. వారంటే ప్రేమ లేదని కాదు. బస్సెక్కించేటప్పుడు గృహిణి కన్ను చెమర్చిన మాట నిజమే. అయినా తిరిగి వచ్చి, వంటింటి గడప మీద ఒక్కతే కూర్చుండి తాగిన చాయ ఉన్నదే, దాని రుచి ఆమెకు తెలుసు. ఎవరితోనూ అనదు. నేను ఆ రాత్రి చవిచూచినది అటువంటి రుచి.

ఈ పనిని అన్‌ఫాలో చేయడం అంటున్నారు. దీనికి తెలుగు మాట ఇంకా కుదరలేదు. రేడియోకు ఆకాశవాణి అన్నంత సొగసైన మాట దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. 'అనుసరణ విరమణ' అని ఎవరైనా సభలో ప్రతిపాదిస్తే, అందరం చప్పట్లు కొట్టి, ఇంటికి వచ్చి అన్‌ఫాలో అనే అంటాం. ఫేస్‌బుక్కు 2004లో అమెరికాలోని హార్వర్డు విద్యార్థుల మధ్య మొదలై, 2006లో లోకానికంతటికీ తలుపు తెరిచినది. మూడేండ్లు తిరిగేసరికి, 2009లో, స్నేహితుల పట్టికలో నుండి ఒకరిని తీసివేయడాన్ని తెలిపే 'అన్‌ఫ్రెండ్' అన్న క్రియను న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు వారు ఆ యేటి మాటగా ఎన్నుకున్నారు. స్నేహాలు కలపడానికి వెలసిన చోట, నిఘంటువు గౌరవం విడిపోవడానికి దక్కడం కొంత చిత్రమే.

అన్‌ఫాలో అనే మీట ఆ తరువాత, 2013లో వచ్చినది. ఈ రెండింటికీ ఉన్న భేదం తెలియని వారి కోసం చెబుతున్నాను. మొదటిది తెగతెంపులు. అవతలి మనిషి వెదికి చూస్తే తన పేరు లేదని కనిపెట్టగలడు. ఆ మీదట ఏ పెండ్లి పందిట్లోనో ఎదురుపడితే ఇద్దరూ ముఖాలు తిప్పుకొనవలసి వస్తుంది. రెండవ దానిలో స్నేహితుల పట్టికలో పేరు పదిలంగానే ఉంటుంది. ఆయన రాసే రాతలు, పెట్టే ఫొటోలు మాత్రం మన కంటి ముందుకు రావు. ఆయనకు ఏ కబురూ పోదు. అరుగు మీద నలుగురితో కూర్చున్నవాడు లేచిపోకుండా, కుర్చీని కొంచెం పక్కకు తిప్పుకొనడం వంటిదన్న మాట.

మా వృత్తిలో ఉన్నవారికి ఈ సంగతి కొత్తది కాదు. తలుపులు బిగించిన గదిలో మైక్రోఫోను ముందు కూర్చుండి మాట్లాడేవాడికి, వినేవారు ఎక్కడ మీట తిప్పి తన నోరు మూయించినారో ఎన్నడూ తెలియదు. ఈ వాక్యం దగ్గరనే కొందరు ఆ పని చేసి ఉండవచ్చు. నేను నొచ్చుకోను, నొచ్చుకొనడానికి నాకు తెలిస్తే గదా! తెలియదు కాబట్టే మరునాడు మళ్లీ అంతే ఉత్సాహంగా నమస్కారం అంటాను. చెప్పకుండా వదలివేయడంలో ఒక దయ ఉన్నది. ఇరవై యేండ్లుగా శ్రోతల ఆ దయ మీదనే నా ఉద్యోగం సాగుతున్నది.

ఇంతకూ ఆ నలభై ముగ్గురు ఎవరు? ఎక్కువ మంది మా మల్లాపూర్ వాళ్లు, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. మల్లాపూర్ ఇప్పుడు జగిత్యాల జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఉత్తరపు పొలిమేర గోదావరి. వరి, మక్క, పసుపు, ఒకప్పుడు విస్తారంగా చెరకు. మేమంతా అక్కడ ఒకే బడిలో చదువుకున్నాం. పదవ తరగతి ఫలితాలు వచ్చిన ఏడాదిలోపలనే ఆ తరగతి చెల్లాచెదరైనది. కొందరు కోరుట్లకు, మెట్‌పల్లికి పై చదువుకు పోయినారు. సిరిసిల్లలో చుట్టాలున్న ఒకరిద్దరు మరమగ్గాల మీదికి, అక్కడి నుండి భీవండికి పోయినారు. ఆడపిల్లలలో చాలామంది బీడీల చాట ముందు కూర్చున్నారు. రెండు మూడేండ్లకు వారి పెండ్లిండ్లు అయినవి. మగపిల్లలలో ఎక్కువ మంది దుబాయి పోయినారు. మా వైపు దుబాయి అంటే ఒక నగరం పేరని ఎవరూ అనుకోరు. మస్కటుకు పోయినా, దోహాకు పోయినా, రియాదుకు పోయినా దుబాయి పోయినట్టే. ఊరిలో మిగిలిన కొందరికి ముత్యంపేటలోని నిజాం చక్కెర కర్మాగారం ఆధారంగా ఉండేది. 2015 డిసెంబరులో అది మూతపడిన తరువాత వారిలోనూ కొందరు విమానమెక్కినారు.

మా చిన్ననాట విడిపోవడం అంటే నిజంగా విడిపోవడమే. గల్ఫు నుండి ఉత్తరం ఏ నెలకో ఒకటి వచ్చేది. ఎవరైనా సెలవు మీద వస్తే, తనకోసం కొన్న టేపురికార్డరుతో పాటు, అక్కడే ఉండిపోయిన ఇంకొకరి గొంతు నింపిన క్యాసెట్టు కూడా తెచ్చేవాడు. ఆ సాయంత్రం వాడకట్టు అంతా ఆ ఇంటి ముందట కూడేది. అందులో ఉన్న ముచ్చట్లు నాలుగే. తిన్నారా, వడ్లు ఎన్ని పండినవి, చెల్లె పెండ్లికి ఎంత కావాలె, నా గురించి రంది పెట్టుకోకుండ్రి. ఆ తరువాత టేపు ఉత్తగా తిరుగుతుండేది. అయినా ఎవరూ లేచేవారు కారు. ఇంకేమైనా చెబుతాడేమోనని.

ఆ కాలంలో మరపు కూడా మనకు పని చేసిపెట్టేది. దూరమైన వారిలో మనసుకు కావలసిన కొందరి పేర్లు నిలిచేవి. తక్కినవి చెప్పాపెట్టకుండా జారిపోయేవి. ఎవరినీ పనిగట్టుకొని వదలుకొనవలసిన అక్కర లేకపోయేది. ఇప్పుడు ఆ పని మన వేలి మీద పడినది. ఫేస్‌బుక్కులో ఐదు వేల మంది దాకా స్నేహితులను చేర్చుకొనవచ్చునట. వాట్సాపు గ్రూపులో 2016 నుండి 256 మందికి చోటుండేది. 2022లో అది మొదట 512 అయి, ఆ యేడే 1024 అయినది. రాబిన్ డన్‌బార్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1990ల తొలినాళ్లలో, కోతుల మెదడు కొలతను వాటి గుంపుల కొలతతో సరిచూచి, మనిషి నిలకడగా నెరపగలిగిన సంబంధాలు సుమారు నూట యాభై అని లెక్క కట్టినాడు. ఆ లెక్క నిలవదని 2021లో స్వీడను పరిశోధకులు కొందరు వాదించినారు. ఎవరి లెక్క నెగ్గినా, మా ఊరిలో పెండ్లిపత్రికలు పంచే పెద్దమనిషికి వేరే శాస్త్రం చెప్పనక్కర లేదు. ఏ ఇంటికి మనిషి పోయి బొట్టు పెట్టి పిలవాలెనో, ఏ ఇంటికి పత్రిక అందితే చాలునో, ఎవరు పిలవకున్నా వస్తారో ఆయనకు నోటికి వచ్చును.

ఈ నలభై ముగ్గురూ ఏమి చేసినారని నేను విసిగినాను? నేరమేమీ లేదు. తెల్లవారకముందే గులాబి పువ్వు మీద శుభోదయం. పుట్టిన రోజు, పెండ్లి రోజు, ఎవరో నాయకుని వెనుక వరుసలో చేతులు కట్టుకొని నిలబడిన ఫొటో, కొత్త కారుకు నిమ్మకాయలు. అసూయ లేదంటే అబద్ధమాడినవాడనవుతాను. లెక్కలలో నా పలక చూచి రాసుకున్న ఒకాయన మూడంతస్తుల ఇంటి గృహప్రవేశం చేసి, తొంభై ఫొటోలు పెట్టినప్పుడు, తొంభైయింటినీ చూచినాను. చూచిన తరువాత మా ఇంటి గోడ మీది చెమ్మ ఎక్కువగా కనిపించినది. అయితే అసూయ వారం రోజులకు పోయేదే. నా అసలు బాధ వేరు.

మాతో ఒక పిల్లవాడు ఉండేవాడు. ఎండకాలం సెలవులలో తాళ్లలోకి పోయి ముంజకాయలు కొట్టించుకొని వచ్చి, చెరువు కట్ట మీద కూర్చుండి, బొటనవేలితో ఒక్కొక్క ముంజ తీసి అందరికీ పెట్టేవాడు. తాను ఆఖరున తినేవాడు. ఒక్కొక్కనాడు అతనికి మిగిలేవే కావు. ముప్ఫై యేండ్లు ఆ పిల్లవాడు నా మనసులో ఆ కట్ట మీదనే కూర్చుండి ఉన్నాడు. ఇప్పుడాయన రోజుకు పదిసార్లు పరాయి పార్టీల వారిని, పరాయి మతాల వారిని తిట్టిపోస్తున్నాడు. ఆ తిట్లు కూడా ఆయనవి కావు, ఎక్కడనో ఎవరో వండి పంపినవి. ముఖం ఆయనదే, మాట ఆయనది కాదు. నాలుగేండ్లు ఆ మాటలు రోజూ చూచిన తరువాత ఒకనాడు, ముంజలు ఒలిచిన ఆ చేతులను తలచుకొందామంటే చప్పున గుర్తుకు రాలేదు. ఆ రాత్రి నొక్కిన మొదటి పేరు ఆయనదే. మూడు వారాలు గడిచినవి. ఒక సాయంత్రం, కారణమేమీ లేకుండానే, చెరువు కట్ట, తాటికాయల వాసన, ఆ బొటనవేలు తిరిగి వచ్చినవి. నేను పొందిన సుఖంలో సగం ఇదే. ఆయనను వదలుకొనడం వల్ల ఆయన నాకు మిగిలినాడు.

మనుషులను వదలుకొనే పద్ధతులు మా పల్లెలలో పూర్వం నుండీ ఉన్నవి. మొదటిది 'మాటలు లేవు' అనే పద్ధతి. ఇద్దరు అన్నదమ్ములు ఒకే బావి నీళ్లు పారించుకుంటూ పదేండ్లు పలుకరించుకోరు. మధ్యలో ఎద్దుతో మాట్లాడినట్టు మాట్లాడి పని గడుపుకుంటారు. దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి కౌగిలించుకొనే ఆచారం అటువంటి వారి కోసమే పుట్టినదేమో అనిపిస్తుంది. రెండవది వెలి. ఇది క్రూరమైనది. గ్రామాభివృద్ధి కమిటీల పేర మా ఉత్తర తెలంగాణలో కొన్ని ఊళ్లు ఒక కుటుంబాన్ని వెలివేసినట్టు నేటికీ వార్తలు వస్తూనే ఉన్నవి. వారికి కిరాణం ఇవ్వరాదు, వారిని పనికి పిలవరాదు, పలుకరించినవారికి జరిమానా. పొరుగున ఉన్న మహారాష్ట్ర 2016లో ఇటువంటి బహిష్కారాన్ని నేరంగా నిర్ణయించి ప్రత్యేక శాసనమే చేసినది. వెలిలో అందరూ కూడి ఒకరిని వదలుతారు, లోకమంతటికీ తెలిసేటట్టు, ఆ ఒకరికి అన్నిటికన్న ఎక్కువగా తెలిసేటట్టు. ఒకడు తన గదిలో కూర్చుండి ఎవరికీ తెలియకుండా నలభై పేర్లు నొక్కుకుంటే, దానిని ఈ పక్కన పెట్టి చూడకూడదు.

వాట్సాపు గ్రూపులదే చిక్కు. ఎవరైనా తప్పుకుంటే ఫలానా వారు వెళ్లిపోయినారని గ్రూపులో అందరికీ చాటింపు పడేది. మా పదవ తరగతి గ్రూపులో ఒకాయన తప్పుకున్నప్పుడు, ఎవరి మాటకు కోపం వచ్చినదో తేల్చడానికి రెండు రోజులు పంచాయతి నడిచినది. పాపం, ఆయన ఫోనులో చోటు చాలక వెళ్లినాడట. 2022 నుండి గ్రూపు నడిపే అడ్మిన్‌కు మాత్రమే తెలిసే ఏర్పాటు చేసినారు. నేను తప్పుకోలేదు, దాని నోరు మాత్రం మూసి ఉంచినాను.

ఇంతవరకు నాకు అనుకూలమైన వాదమే చెప్పినాను. ఇక తక్కినది కూడా చెప్పవలె.

ఆ నలభై ముగ్గురిలో ఒకడు నాలుగవ తరగతి నుండి నా పక్కన కూర్చున్నవాడు. ఇరవై రెండేండ్లుగా మస్కటులో పని చేస్తున్నాడు. కంపెనీ వారి శిబిరంలో ఒక గదిలో ఎనమండుగురు. కిందొకటి, మీదొకటి మంచాలు. శుక్రవారం సెలవు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆయన ఫొటోలు వచ్చేవి. సముద్రపు ఒడ్డున నల్లకండ్లద్దాలతో ఒకటి, పెద్ద అంగడి ముందర ఒకటి, ఎవరిదో కారును ఆనుకొని ఒకటి. ఫొటో కింద ఏదో సినిమాలోని మాట. ఇన్నేండ్లు ఎండలో ఇనుప కడ్డీలు వంచిన మనిషి, ఆ కారు నాదే అన్నట్టు నిలబడితే నాకు మనసులో ఏదో కలుక్కుమనేది. జాలి కావచ్చు, చిరాకు కావచ్చు. ఆ రాత్రి ఊపులో ఆయన పేరు ముప్ఫయ్యవదో, ముప్ఫై ఒకటవదో.

మా తల్లిదండ్రులు నాతోనే హైదరాబాదులో ఉంటున్నారు. మల్లాపూర్‌లో ఇల్లు తాళం వేసి ఉన్నది. దసరాకు మాత్రం తప్పక పోతాం. నిరుటి దసరానాడు ఊరంతా జమ్మి చెట్టు దగ్గర కూడి ఉండగా, ఆయన జనంలో నుండి నా వైపు వచ్చినాడు. జుట్టు చాలా నెరిసి ఉన్నది.

"ఎప్పుడచ్చినవ్ రా?" అన్నాను.

"మొన్ననే" అని జమ్మి ఆకు చేతిలో పెట్టినాడు. అలాయి బలాయి ఇచ్చుకున్నాం.

"అవ్వ మంచిగున్నదా?" అన్నాను.

వాళ్ల అవ్వ నన్ను ఎత్తుకొని పెంచినంత పని చేసినది. మా అమ్మ నాటుకు పోయిన రోజులలో ఆమె గటక నేను తిన్నాను. ఆయన నా ముఖంలోకి కొంతసేపు చూచినాడు. నేను నటించడం లేదని నిశ్చయం చేసుకున్నాడు కాబోలు.

"అవ్వ సచ్చిపోయి మూడు నెలలాయె గదరా" అన్నాడు.

నేనేమన్నానో నాకు గుర్తు లేదు. ఆయనే నా చేయి పట్టుకొని జనంలో నుండి బయటికి తీసుకొని పోయినాడు. ఇద్దరం చెరువు కట్ట మీద కూర్చున్నాం. చీకటి పడినది. అక్కడ ఆయన చెప్పినది చెప్పినట్టు నేను చెప్పలేను. రాత్రి రెండు గంటలకు ఫోను వచ్చినదట. పాసుపోర్టు కంపెనీ దగ్గర ఉన్నది. అది చేతికి వచ్చేసరికి, విమానం దొరికేసరికి రెండు రోజులు పట్టుతుందన్నారు. వానకాలం, శవాన్ని అంతసేపు ఉంచలేరు. మీరు కానియ్యండని తమ్మునితో చెప్పినాడట. చిన్నాయన కొడుకు ఒకడు వాడకట్టు నుండి కాడు దాకా ఫోను పట్టుకొని నడిచినాడు. ఇక్కడ మంచం మీద కూర్చుండి ఈయన చూస్తున్నాడు. తక్కిన ఏడుగురు డ్యూటీకి పోకుండా ఆ పూట గదిలోనే తమ తమ మంచాల మీద కూర్చుండి ఉన్నారు. తమ్ముడు తలకొరివి పెట్టడానికి చేయి ఎత్తినాడు. సరిగ్గా అప్పుడు బొమ్మ ఆగిపోయినది.

"మంట లేదు, పొగ లేదు. మా తమ్ముని చెయ్యి అట్లనే లేసి ఉన్నది. ఎంతసేపు సూసిన్నో నాకే ఎర్క లేదు" అన్నాడు.

ఆ రాత్రి ఆయన తల్లి ఫొటో పెట్టి, కింద రెండు మాటలు రాసినాడట. రెండు వందల పన్నెండు మంది చేతులు జోడించిన గుర్తు నొక్కినారు. ఆ సంఖ్య ఆయనకు నోటికి ఉన్నది. అందులో నేను లేనని కూడా తెలుసు.

"నువ్వు నన్ను సూస్తలేవని నాకు అంతకు ముందే ఎర్క. శుక్రారం శుక్రారం నీ లైకు అచ్చేది. ఎండకాలం నుంచి బంద్ అయింది" అన్నాడు.

ఎవరికీ తెలియకుండా వదలివేయవచ్చునన్న నా సిద్ధాంతం ఆ కట్ట మీద కూలినది. ఎనమండుగురుండే గదిలో, వారంలో ఒక్క సాయంత్రం, తనను తన ఊరివాళ్లు ఎవరెవరు చూచినారో పేరు పేరున చూచుకొనేవాడికి ఒక పేరు తగ్గితే తెలియకుండా పోతుందా? ఐదు వందల మంది ముందు మాట్లాడేవాడికి ఒకడు లేచిపోయినట్టు తెలియకపోవచ్చు. పది మంది ముందు మాట్లాడేవాడికి తెలుస్తుంది. ఆ కారు ఫొటోలు లోకానికి పెట్టినవని నేను అనుకున్నాను. అవి మల్లాపూర్‌లో పదిమందికి పెట్టినవి.

క్షమాపణ చెప్పబోయినాను. ఆయన వినలేదు.

"తప్పేమున్నదిరా? నేను గూడ నీ రేడియో బంద్ చేసిన" అన్నాడు.

ఫోనులో మా ప్రసారాలు మస్కటులో కూడా వినవచ్చునని నేనే ఒకప్పుడు చెప్పినానట. చెప్పి మరిచినాను. ఆయన రెండు నెలలు విన్నాడట.

"గొంతు నీదే గని, మాట నీది గాదు. బుక్కు సదివినట్టుంటది. ఇనుకుంట ఇనుకుంట నువ్వెట్ల మాట్లాడుతవో మరిసిపోతనేమోనని బంద్ చేసిన" అని నవ్వినాడు. తల్లి ముచ్చట చెప్పిన ముఖంతోనే నవ్వినాడు. నేనూ నవ్వకుండా ఉండలేకపోయినాను. ముంజల పిల్లవాణ్ణి గురించి నేను ఎవరికీ చెప్పని మాటను, ఈయన నా మీదనే ప్రయోగించినాడు.

హైదరాబాదు వచ్చిన తరువాత ఆయన పేరు కింద మీటను మళ్లీ నొక్కుదామని ఫోను తీసినాను. చాలాసేపు పట్టుకొని, నొక్కకుండానే కింద పెట్టినాను. ఆనాడు నేను ఆయనను చూస్తూనే ఉండి ఉంటే ఏమి జరిగేది? కచేరి పని మధ్యలో ఆ ఫొటో కనిపించేది. రెండు వందల పదమూడవ వాడనై చేతులు జోడించిన గుర్తు నొక్కేవాణ్ణి. దసరానాడు, తెలిసిన సంగతే కదా అని, అవ్వను గురించి అడగకుండా ఇంకేదో మాట్లాడేవాణ్ణి. అప్పుడు ఆయన ఆ ఆగిపోయిన బొమ్మ సంగతి నాకు చెప్పేవాడా? ఇది నన్ను నేను సమర్థించుకొనడమని మీరంటే కాదనను. గటక పెట్టిన తల్లి పోతే మూడు నెలలు ఒక్క మాట పలుకనివాణ్ణి నేనే.

తక్కిన నలభై ఇద్దరి విషయంలో నాకు పశ్చాత్తాపం లేదు. ఉదయం ఫోను తీస్తే గులాబీలు లేవు, నిమ్మకాయలు లేవు. వారిలో ఐదారుగురు ఈ యేడాది ఎదురుపడినారు, ఒకరు కోరుట్ల బస్టాండులో, ఇద్దరు ఒక పెండ్లిలో. ఏం సంగతి అని అడిగితే చెప్పినారు, నిజంగానే తెలియదు కాబట్టి నేను చెవి పెట్టి విన్నాను. అప్పుడప్పుడు మాత్రం, రాత్రి దీపం ఆర్పిన తరువాత, మిగతావారి ఇండ్లలో ఏమి జరిగి ఉంటుందోనన్న ఆలోచన వస్తుంది. నిరుడు వేసవిలో పట్టినంత త్వరగా ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.

మస్కటుకు శుక్రవారం శుక్రవారం ఫోను చేస్తున్నాను. మొదట్లో ఇద్దరికీ మాటలు దొరకలేదు. ఇప్పుడు కొంత నయం. మొన్నటి శుక్రవారం ఆయన ఎత్తలేదు. రాత్రి పదింటికి ఆయన గొంతు రికార్డు చేసి పంపినాడు, నలభై సెకన్లు. డ్యూటీ పడినదట. తిన్నావా, మన దిక్కు వానలు పడ్డయా, చెరువు నిండిందా అని అడిగినాడు. ఆ తరువాత కొన్ని క్షణాలు ఏమీ లేదు, పంకా తిరిగిన చప్పుడు. ఇంకేమైనా అంటాడేమోనని చివరిదాకా విన్నాను.